క్రైస్తవ కాలేజీలో లిబరల్ ఆర్ట్స్: క్లాసుకు ముందు రాత్రి చేయాల్సిన పని

మొదటి రోజు క్లాసుకు వెళ్తే పాఠం చెప్పేవాళ్లు ఎవరూ కనబడరు. ఒక పెద్ద బల్ల, దాని చుట్టూ పదిహేను ఇరవై మంది, అందరి ముందూ ఒకే పుస్తకం: ప్రాచీన గ్రీకు కవి హోమర్ యుద్ధకావ్యం ఇలియడ్. అధ్యాపకుడు అందులోని వీరుడి గురించి ఒక ప్రశ్న వేస్తాడు: "అకిలీజ్ కోపంలో న్యాయం ఉందా?" అంతే, ఊరుకుంటాడు. ఆ తర్వాత గంటన్నర సేపు మాట్లాడాల్సింది విద్యార్థులే. నోట్సు రాసుకోవడం, మెటీరియల్ బట్టీ పట్టడం, ఇంపార్టెంట్ క్వశ్చన్లు గుర్తుపెట్టుకోవడం ఇక్కడ అక్కరకు రావు. ఈ చదువులో వెనకబడేవాళ్లు క్లాసులో వెనకబడరు, దానికి ముందు రాత్రే వెనకబడతారు. అందుకే ఇక్కడ చెప్పేదాంట్లో ఎక్కువ భాగం ఆ రాత్రి గురించే.

అమెరికాలో ఈ తరహా క్రైస్తవ కాలేజీలు పదుల సంఖ్యలో ఉన్నాయి. అక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకూ, ఇక్కడ ఇంటర్ అయ్యాక వెళ్లాలనుకునేవాళ్లకూ పనికొచ్చేలా రాశాం. "లిబరల్" అన్న మాటకు రాజకీయాలతో సంబంధం లేదు. బానిస కాని మనిషి నేర్చుకోదగ్గ విద్యలని దాని పాత అర్థం. అవి ఏడు. మాటకు సంబంధించినవి మూడు: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం. లెక్కకు సంబంధించినవి నాలుగు: అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం. యూరప్ మధ్యయుగపు విశ్వవిద్యాలయాల్లో ఈ ఏడూ దాటాకే వేదాంతశాస్త్రం, న్యాయశాస్త్రం, వైద్యం వైపు వెళ్లేవారు.

ముందు కాలేజీ సంగతి

పేరులో "క్లాసికల్" (ప్రాచీన గ్రంథాల చదువు) అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. 1971లో మొదలైన థామస్ అక్వైనస్ కాలేజీ కాలిఫోర్నియాలోని శాంటా పౌలాలో ఉంది. 2019లో మసాచుసెట్స్‌లోని నార్త్‌ఫీల్డ్‌లో రెండో క్యాంపస్ తెరిచారు. అక్కడ మేజర్లు (ఎంచుకునే ప్రధాన సబ్జెక్టులు) లేవు, ఎలెక్టివ్‌లు (ఐచ్ఛిక సబ్జెక్టులు) లేవు, టెక్స్ట్ బుక్కులు లేవు. నాలుగేళ్లూ అందరూ అవే మూలగ్రంథాలు చదవాలి. వేరే కాలేజీలో రెండేళ్లు చదివి వచ్చినా మళ్లీ మొదటి ఏడాది నుంచే మొదలుపెట్టాలి. వ్యోమింగ్ క్యాథలిక్ కాలేజీలో చేరగానే మూడు వారాలు కొండల్లో గుడారాలేసుకుని నడిపిస్తారు, సెల్‌ఫోన్ ఉంచుకోనివ్వరు. మిషిగన్‌లోని హిల్స్‌డేల్ కాలేజీ 1844 నాటిది. అక్కడ అందరికీ ఉమ్మడి కోర్ (తప్పనిసరి పాఠాలు) ఉంటుంది, దానిపైన మేజర్ ఎంచుకోవచ్చు. తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ డాలస్ ప్రాంతంలోనే, ఇర్వింగ్‌లో, 1956 నుంచి యూనివర్సిటీ ఆఫ్ డాలస్ నడుస్తోంది. అక్కడా గట్టి కోర్ ఉంది, మేజర్ ఉంది, రోమ్ దగ్గరి సొంత క్యాంపస్‌లో ఒక సెమిస్టర్ గడిపే వీలుంది. ప్రొటెస్టెంట్ల వైపు ఐడాహోలోని న్యూ సెయింట్ ఆండ్రూస్, కాలిఫోర్నియాలో బయోలా విశ్వవిద్యాలయం వారి టోరీ ఆనర్స్ కాలేజీ పేరున్నవి.

దరఖాస్తు పెట్టకముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది అక్రెడిటేషన్, అంటే కాలేజీ ప్రమాణాలకు గుర్తింపు. అది ఎవరిచ్చారు, ఆ సంస్థకు అమెరికా విద్యాశాఖ గుర్తింపు ఉందా అని చూడండి. లేకపోతే పై చదువుకు వెళ్లేటప్పుడూ, తిరిగొచ్చాక డిగ్రీకి ఇక్కడ సమానత్వం అడిగేటప్పుడూ చిక్కొస్తుంది. రెండోది విశ్వాస ప్రకటన. కొన్ని కాలేజీలు విద్యార్థి చేత సంతకం పెట్టిస్తాయి, కొన్ని అధ్యాపకులతోనే ఆపుతాయి, కొన్ని ఏ మతంవాళ్లనైనా చేర్చుకుంటాయి. ఆ కాగితం మొత్తం చదివాకే సంతకం పెట్టండి. బాప్తిస్మం గురించో, పరిశుద్ధాత్మ వరాల గురించో మీ సంఘంలో చెప్పేదానికి అందులో వేరుగా ఉండొచ్చు. మూడోది క్రమశిక్షణ నియమాలు: క్లాసులో దుస్తులు, మద్యం, అబ్బాయిలు అమ్మాయిల హాస్టళ్లు. ఇవి రాతపూర్వకంగా ఉంటాయి, నిజంగానే అమలవుతాయి. నాలుగోది డబ్బు. హిల్స్‌డేల్ లాంటివి ప్రభుత్వ సొమ్ము ముట్టవు కాబట్టి అక్కడ ఫెడరల్ గ్రాంట్లు, ఫెడరల్ రుణాలు చెల్లవు, కాలేజీ సొంత స్కాలర్‌షిప్పే దిక్కు. ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు ఫెడరల్ సాయం ఎలాగూ రాదు.

వీసా మీద వెళ్లేవాళ్లు ఇంకో విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదువు అయ్యాక పని చేసుకోవడానికి దొరికే ఓపీటీ 12 నెలలు. ఇంజనీరింగ్, కంప్యూటర్స్ వాళ్లకు వచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు లిబరల్ ఆర్ట్స్ డిగ్రీకి రాదు. "అమెరికా వెళ్లాక ఉద్యోగం చూసుకుంటాడులే" అన్న లెక్క ఇక్కడ పారదు. మెడిసిన్ చేయాలనుకునేవాళ్లకు కూడా మేజర్లు లేని కాలేజీల్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ లాంటివి దొరకవు. అవి వేరేచోట విడిగా పూర్తి చేయాలి, అంటే ఏడాదో రెండేళ్లో అదనం.

ప్రవేశానికి ఎస్ఏటీ, ఏసీటీ తోపాటు ఈ కాలేజీలు 2015లో వచ్చిన సీఎల్‌టీ (క్లాసిక్ లెర్నింగ్ టెస్ట్) పరీక్షను కూడా తీసుకుంటాయి. మొత్తం 120 ప్రశ్నలు: చదివి అర్థం చేసుకోవడం 40, వ్యాకరణం 40, గణితం 40. రెండు గంటల సమయం, క్యాలిక్యులేటర్ వాడకూడదు. మన పిల్లలు గణితంలో గట్టెక్కుతారు కానీ మొదటి భాగంలో పాతకాలపు పొడవాటి వాక్యాల దగ్గర ఆగిపోతారు. దానికి కోచింగ్‌కన్నా రోజూ నాలుగు పేజీల పాత ఇంగ్లిషు వచనం పైకి చదవడం మేలు.

అన్యుల పుస్తకాలు మనకెందుకు

ఈ ప్రశ్న ఇంట్లోంచే వస్తుంది. కాలేజీ క్రైస్తవమైనది, చదివేది గ్రీకు దేవుళ్లు జ్యూస్, అపొల్లోలకు బలులిచ్చేవాళ్ల కథ చెప్పే హోమర్. పాస్టర్‌గారికో అమ్మమ్మకో జవాబు చెప్పాల్సి వస్తే తొలినాటి క్రైస్తవ ఆచార్యుడు అగస్టీన్ ఇచ్చిన జవాబు ఉంది. నిర్గమకాండము 12వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచి వెళ్తూ ఐగుప్తీయుల వెండి బంగారాలు అడిగి పుచ్చుకుంటారు. అన్యుల విద్యలో ఉన్న సత్యం కూడా ఆ బంగారం లాంటిదే, తీసుకుని సరైన పనికి వాడుకోవాలన్నాడు అగస్టీన్. అంతకు రెండు వందల ఏళ్ల ముందు ఇంకో క్రైస్తవ రచయిత టెర్టులియన్ "ఏథెన్స్‌కూ యెరూషలేముకూ ఏం సంబంధం" అని, అంటే గ్రీకు విద్యకూ విశ్వాసానికీ పొత్తేమిటని అడిగాడు. ఈ కాలేజీల్లో ఇద్దర్నీ చదువుతారు. ఇంట్లో జరిగిన వాదనే క్లాసులోనూ జరుగుతుంది కాబట్టి ఎవరి పక్షమో ముందే తేల్చుకుని వెళ్లకండి.

ముందు రాత్రి చదవడం

పుస్తకాన్ని రెండుసార్లు చదవాలి. సమయం ఒక్కసారికే సరిపోయేలా ఉంటే, మొత్తం ఒకసారి వేగంగా చదివి, ఒక్క ఘట్టాన్ని మాత్రం మళ్లీ నిదానంగా చదవండి. ఇలియడ్‌లో 24 కాండలు, పదిహేను వేలకు పైగా పంక్తులు. ఒక క్లాసుకు నాలుగైదు కాండలు ఇస్తే మూడు గంటలు పడుతుంది. రెండున్నర గంటల్లో మొదటి చదువు ముగించి, మిగతా అరగంట ఒకే ఒక్క ప్రసంగం మీద, ఉదాహరణకు తొమ్మిదో కాండలో దూతలకు అకిలీజ్ ఇచ్చిన జవాబు మీద, పెట్టండి.

పెన్సిల్ చేతిలో ఉండాలి, హైలైటర్ వద్దు. హైలైటర్ పట్టుకుంటే పేజీ అంతా పచ్చబడుతుంది, బుర్రలోకి ఏమీ వెళ్లదు. మార్జిన్‌లో మూడు గుర్తులు చాలు: అర్థం కానిచోట ప్రశ్నార్థకం, ఒప్పుకోలేనిచోట అడ్డగీత, ఇంతకుముందు చదివినదాన్ని గుర్తుచేసినచోట ఆ పుస్తకం పేరులో మొదటి అక్షరం. చివర్లో ఒక కార్డు మీద రెండు ప్రశ్నలు రాసుకోండి. "ఈ భాగం ఇతివృత్తం ఏమిటి" లాంటి పరీక్ష ప్రశ్నలు పనికిరావు. "నాలుగు పేజీల కింద ధైర్యం అంటే జ్ఞానం అన్నవాడు ఇక్కడ కాదంటున్నాడేం?" లాంటిది కావాలి.

చోటు చెప్పే పద్ధతి మొదటి వారంలోనే నేర్చుకోండి. బల్ల చుట్టూ ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అనువాదం ఉంటుంది, పేజీ నంబరు చెబితే ఎవరికీ దొరకదు. ప్లేటోకు 1578 నాటి స్టెఫానస్ ముద్రణ పేజీ నంబర్లు మార్జిన్‌లో ఉంటాయి. అరిస్టాటిల్‌కు 1831లో మొదలైన బెక్కర్ ముద్రణవి ఉంటాయి. హోమర్‌కు కాండ, పంక్తి. గ్రీకు రేఖాగణిత ఆచార్యుడు యూక్లిడ్‌కు పుస్తకం, ప్రతిపాదన సంఖ్య. మధ్యయుగపు క్రైస్తవ వేదాంతి అక్వైనస్‌కు భాగం, ప్రశ్న, ఆర్టికల్. ఈ మార్జిన్ నంబర్లు లేని చౌక ముద్రణ కొంటే నాలుగు డాలర్లు మిగులుతాయి, ఏడాదంతా పేజీలు తిప్పుకుంటూ కూర్చోవాలి.

ఇంటర్నెట్‌లో దొరికే సారాంశం, ఏఐ రాసిచ్చే సారాంశం రెండూ ఒకే చోట దెబ్బతీస్తాయి. పుస్తకం ఏం చెప్పిందో చెబుతాయి, ఎక్కడ తడబడిందో చెప్పవు. క్లాసులో మాట్లాడేదంతా ఆ తడబాటు గురించే.

లాటిన్: తెలుగువాడికి ఉన్న వీలు

ఇంగ్లిషు ఒక్కటే వచ్చిన అమెరికా విద్యార్థికి ఈ చదువులో భాగమైన లాటిన్‌లో మొదట తగిలే అడ్డం విభక్తులు. మనకు అది ఒకటో తరగతి నుంచే నోట్లో ఉంది. "రాముడు రావణుణ్ణి చంపాడు" అన్నా "రావణుణ్ణి రాముడు చంపాడు" అన్నా చచ్చింది రావణుడే. లాటిన్‌లోనూ అంతే: "అగ్రికొలా పుయెల్లమ్ అమత్", "పుయెల్లమ్ అగ్రికొలా అమత్", రెండింటికీ రైతు పిల్లను ప్రేమిస్తున్నాడనే అర్థం. చివరనున్న "మ్" మన "ని, ను" చేసే పని చేస్తోంది. క్రియ తరచుగా చివరికి రావడం, "ఎ", "ది" లాంటి ఆర్టికల్స్ లేకపోవడం, క్రియలోనే "నేను, నువ్వు" ఇమిడి ఉండడం కూడా మనకు కొత్త కాదు.

కాబట్టి డు-ము-వు-లు పట్టికను పక్కన పెట్టుకునే నేర్చుకోండి. నామినేటివ్ ప్రథమ. అక్యూజేటివ్ ద్వితీయ. జెనిటివ్ షష్ఠి. డేటివ్ చతుర్థి. వొకేటివ్ సంబోధన. అబ్లేటివ్ ఒక్కటే కాస్త బరువు. తృతీయ, పంచమి, సప్తమి మూడూ చేసే పనులు అది ఒక్కతే మోస్తుంది: కత్తితో, ఊరి నుంచి, ఇంట్లో. ఇక్కడొక మెలిక ఉంది. మన వ్యాకరణంలో "కి, కు" షష్ఠిలో ఉంటాయి, కానీ "నాకు ఇచ్చాడు"లోని "కు" లాటిన్‌లో డేటివ్ అవుతుంది. పట్టికలోని పేరు చూసి కాదు, వాక్యంలో చేసే పని చూసి జతపరచాలి.

మనం తడబడేది లింగం దగ్గర. తెలుగులో బల్లకు ఆడా మగా లేదు, లాటిన్‌లో "మెన్సా" స్త్రీలింగం. పైగా "అగ్రికొలా" రూపం చూస్తే స్త్రీలింగంలా ఉంటుంది, నిజానికి పుంలింగం. అందుకని నామవాచకాన్ని ఒంటరిగా ఎప్పుడూ నేర్చుకోవద్దు. "రెక్స్, రేగిస్, పుంలింగం" అని ప్రథమ, షష్ఠి, లింగం మూడూ ఒక్క ఊపిరిలో పలకండి. షష్ఠి రూపం తెలియకపోతే మిగతా రూపాలేవీ కట్టలేరు: రెక్స్ చూసి "రేగి" ఊహించలేరు కదా.

రోజుకు 45 నిమిషాలు, వారానికి ఆరు రోజులు. పది నిమిషాలు పాత పదాల కార్డులు, పదిహేను నిమిషాలు కొత్త రూపాలు పైకి చదవడం, ఇరవై నిమిషాలు వాక్యాలు. ఆదివారం రాత్రి నాలుగు గంటలు కూర్చుంటే ఇది రాదు. లాటిన్‌లో ఒక వారం జారితే తర్వాతి పాఠం చదవడానికే వీలుండదు, ఎందుకంటే ప్రతి పాఠమూ ముందుదాని మీదే నిలబడుతుంది. ఇలియడ్ ఒక రాత్రి చదవకపోయినా బతికిపోవచ్చు.

ఉచ్చారణ రెండు రకాలు. చర్చి పద్ధతిలో సీజర్ మాట ("వచ్చాను, చూశాను, గెలిచాను") "వేని, విది, విచి", పాత రోమన్ పద్ధతిలో చివరిది "వీకీ" అవుతుంది. కాలేజీ ఏది వాడితే అదే వాడండి. చర్చికి అలవాటైనవాళ్లు లాటిన్ కీర్తనలతో సాధన చేయొచ్చు: "దోమినుస్ రెజిత్ మె, ఎత్ నిహిల్ మిహి దేఎరిత్." ఇది మన బైబిల్లో 23వ కీర్తన, వుల్గాతా అనే లాటిన్ బైబిల్లో 22వది. సంఖ్య తేడా తెలియక వేరే కీర్తన ముందేసుకుని తికమకపడేవాళ్లు ఏటా ఉంటారు. "మిహి" అంటే "నాకు". "నాకు లేమి కలుగదు"లోని "నాకు" అదే. కానీ "రెజిత్" అంటే నడిపిస్తాడు, ఏలుతాడు. "కాపరి" అన్న నామవాచకం అక్కడ లేదు. అనువాదాల మధ్య ఇలాంటి తేడా ఎందుకొచ్చిందో అడగడం మంచి క్లాసు ప్రశ్న.

యూక్లిడ్: బోర్డు దగ్గర

గణితం క్లాసులో లెక్కలు చేయరు. యూక్లిడ్ "ఎలిమెంట్స్" మొదటి పుస్తకంలో 23 నిర్వచనాలు, 5 పోస్టులేట్లు (నిరూపణ లేకుండా ఒప్పుకునేవి), 5 సాధారణ భావనలు, వాటిపైన 48 ప్రతిపాదనలు. అధ్యాపకుడు ఎవరో ఒకరిని పిలుస్తాడు. పుస్తకం వదిలేసి బోర్డు దగ్గరికెళ్లి ప్రతిపాదన మొత్తం నిరూపించాలి. ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) మంచి ర్యాంకు వచ్చినవాళ్లు కూడా ఇక్కడ ఇబ్బంది పడతారు. వాళ్లకు ఫలితం తెలుసు, కారణం చెప్పే అలవాటు లేదు. "ఇది ఫార్ములా" అంటే కూర్చోబెడతారు.

నిరూపణకు ఆరు అంగాలు, వరసగా చెప్పాలి. ప్రతిపాదనను మాటల్లో చెప్పడం. ఈ బోర్డు మీది బొమ్మకు అన్వయించి "ఇది ఇవ్వబడింది" అనడం. "ఇది చూపాలి" అనడం. అవసరమైన గీతలు గీయడం. కారణాలతో నిరూపించడం. మొదటి వాక్యాన్నే ముగింపుగా తిరిగి చెప్పడం. మూడోదాన్ని వదిలేసేవాళ్లు ఎక్కువ. ఏం చూపాలో చెప్పకుండా మొదలెడితే మధ్యలో దారి తప్పుతారు.

ఇంటి దగ్గర సాధనకు ఒక్కో ప్రతిపాదనకు అరగంట పెట్టుకోండి. చదివి, పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద గీసి, పైకి చెప్పండి. తర్వాత బొమ్మను తలకిందులుగా గీసి, ఏ, బీ, సీలకు బదులు క, గ, చ పెట్టి మళ్లీ చెప్పండి. రెండోసారి ఆగిపోయారంటే మీరు నేర్చుకున్నది అక్షరాల వరస, నిరూపణ కాదు.

తరచూ దొర్లే తప్పులు కొన్ని చూడండి. యూక్లిడ్ కంపాస్ కాగితం మీంచి లేపగానే మూసుకుపోతుందనుకోవాలి. ఒక పొడవును ఇంకో చోటికి మోసుకెళ్లాలంటే రెండో, మూడో ప్రతిపాదనలను చూపించాలి. కొలిచి పెట్టేస్తే తప్పు. అయిదో ప్రతిపాదనలో, సమద్విబాహు త్రిభుజం అడుగు కోణాలు సమానమనేదాంట్లో, అడ్డంగా పడుకున్న త్రిభుజాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాటిని విడదీసి పక్కన వేర్వేరుగా గీస్తే తప్ప కనబడవు. దీన్ని పాతకాలం నుంచీ "గాడిదల వంతెన" అంటున్నారు. 29వది దాకా యూక్లిడ్ సమాంతర రేఖల పోస్టులేట్‌ను ముట్టుకోడు. అంతకుముందే దాన్ని వాడేసి దొరికిపోయేవాళ్లు చాలామంది.

మొదటి ప్రతిపాదనలోనే ఒక సందు ఉంది. సమబాహు త్రిభుజం కోసం రెండు వృత్తాలు గీసి, అవి ఖండించుకున్న బిందువు తీసుకుంటాడు. అవి ఖండించుకుంటాయని ఎక్కడ నిరూపించాడు? నిరూపించలేదు. ఇది క్లాసులో అడిగితే మిగతా గంట దాంతోనే గడిచిపోవచ్చు, అధ్యాపకులకు అదే ఇష్టం.

47వది మనందరికీ తెలిసిన పైథాగరస్ సిద్ధాంతం. అక్కడికి చేరాక దాని వంశవృక్షం గీయండి. 47కు కావాల్సింది 41, దానికి 37, దానికి 35, దానికి 34, దానికి 29, దానికి అయిదో పోస్టులేట్. సమాంతర రేఖల గురించిన ఒక ఒప్పుకోలు మీద లంబకోణ త్రిభుజం నిలబడి ఉందని కాగితం మీద చూశాక, మూడు నాలుగేళ్ల తర్వాత, ఆ ఒప్పుకోలు లేకుండానే రేఖాగణితం కట్టిన లొబచెవ్‌స్కీని చదివేటప్పుడు ఆ కాగితమే బయటికి తీయాల్సి వస్తుంది. పారేయకండి.

తర్కం, పూర్వపక్షం

అరిస్టాటిల్ తర్కాన్ని అంత దూరపుదిగా అనుకోనక్కర్లేదు. కొండ మీద పొగ చూసి నిప్పుందనుకోవడం మన తర్కశాస్త్రంలో మొదటి ఉదాహరణ. మన పద్ధతిలో ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని అయిదు అవయవాలు. అరిస్టాటిల్‌కు మూడు వాక్యాలు చాలు: పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, కొండ మీద పొగ ఉంది, కాబట్టి నిప్పుంది. విద్యార్థులు చేసే తప్పు దీన్ని తిరగేయడం: నిప్పుంది కాబట్టి పొగ ఉంటుందనడం. ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. ఈ జవాబు కూడా మన పాతవాళ్లదే. వ్యాసం రాసినప్పుడల్లా మీ ముఖ్య వాదాన్ని ఇలా మూడు వాక్యాల్లో పెట్టి, తిరగేశారేమో చూసుకోండి.

అక్వైనస్ వేదాంత గ్రంథం "సుమ్మా" చదివేటప్పుడు ఈ అలవాటు బాగా ఉపయోగపడుతుంది. ఒక్కో ఆర్టికల్ ఇలా సాగుతుంది: ఒక ప్రశ్న, దానికి అక్వైనస్ ఒప్పుకోని పక్షం వాదనలు, "దీనికి విరుద్ధంగా" అంటూ ఒక ప్రమాణ వాక్యం, "నా జవాబు", చివరికి మొదటి వాదనలకు ఒక్కొక్కదానికీ సమాధానం. పూర్వపక్షం (ఎదుటి పక్షం వాదన), సిద్ధాంతం (తేల్చి చెప్పే జవాబు) అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఇది చిరపరిచితం. మొదటి భాగం, 2వ ప్రశ్న, 3వ ఆర్టికల్ తీసుకోండి: దేవుడున్నాడా? పూర్వపక్షాలు రెండు: లోకంలో చెడు ఉంది కాబట్టి లేడు, దేవుడు లేకుండానే అన్నిటికీ కారణాలు చెప్పొచ్చు కాబట్టి అక్కర్లేదు. ప్రమాణ వాక్యం నిర్గమకాండము 3:14. తర్వాత దేవుడున్నాడని చూపే ప్రసిద్ధమైన అయిదు మార్గాలు.

చదివే క్రమం ఇది. పూర్వపక్షాలను మీ మాటల్లో రాసి, అక్కడ ఆగండి. మీరైతే ఏం జవాబు చెబుతారో రెండు పంక్తులు రాయండి. ఆ తర్వాతే "నా జవాబు" చదవండి. చివరి సమాధానాలను ఒక్కొక్కటిగా దాని పూర్వపక్షం పక్కన పెట్టి చూడండి. అసలు విషయం చాలాసార్లు ఆ చివరి సమాధానంలోనే దాగి ఉంటుంది, అలసిపోయి దాన్నే వదిలేస్తారు. అన్నిటికన్నా నవ్వులపాలయ్యే తప్పు, పూర్వపక్షంలోని వాక్యాన్ని అక్వైనస్ అభిప్రాయంగా వ్యాసంలో పెట్టడం. ఆర్టికల్ పై భాగం మాత్రమే చదివినవాళ్లు ఇలా దొరికిపోతారు.

సంగీతం, ఆకాశం

ఇక్కడ సంగీతం అంటే పాడడం ఒక్కటే కాదు, నిష్పత్తుల శాస్త్రం. 60 సెంటీమీటర్ల తీగ మీటితే షడ్జం అనుకోండి. 45 దగ్గర నొక్కితే శుద్ధ మధ్యమం, 40 దగ్గర పంచమం, 30 దగ్గర పై షడ్జం. అంటే 4:3, 3:2, 2:1. కర్ణాటక సంగీతం కాస్త నేర్చుకున్నవాళ్లకు చెవి ముందే సిద్ధంగా ఉంటుంది, అంకెలు మాత్రమే జత చేసుకోవాలి. చిక్కు ఎక్కడంటే, పంచమం మీద పంచమం పన్నెండుసార్లు ఎక్కితే 129.75 రెట్లు వస్తుంది, ఏడు స్థాయిలు ఎక్కితే 128. రెండూ కలవవు. పియానో ఎందుకు అలా శ్రుతి చేస్తారో అన్న చర్చంతా ఈ చిన్న తేడాలోంచే పుట్టింది.

ప్రాచీన ఖగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీని చదివేటప్పుడు భూమి మధ్యలో ఉందంటాడని నవ్వకండి. కంటికి కనబడేదాన్ని లెక్కలోకి ఎలా తెచ్చాడన్నదే పాఠం. దీనికి వెళ్లకముందే ఇంటి దగ్గర చేసుకోదగ్గ పని ఒకటుంది. డాబా మీద మీటరు పొడవు కర్ర నిట్టనిలువుగా పాతి, మధ్యాహ్నం నీడ అతి చిన్నదయ్యే క్షణం గుర్తు పెట్టండి. హైదరాబాదులో వేసవిలో అది పన్నెండుకు కాదు, 12:10 నుంచి 12:25 మధ్య వస్తుంది. మన గడియారపు రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది కాబట్టి అక్కడ ఈ ఆలస్యం దాదాపు ఉండదు. జూన్ చివర్లో హైదరాబాదులో ఆ నీడ దక్షిణానికి పడుతుంది, పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. కాలిఫోర్నియా విద్యార్థి తన ఊళ్లో ఎన్నడూ చూడలేనిది ఇది. సెప్టెంబరు 22, 23 తేదీల్లో హైదరాబాదులో 31 సెంటీమీటర్లుండే నీడ శాంటా పౌలాలో 68, నార్త్‌ఫీల్డ్‌లో 92 అవుతుంది. ఇంట్లో ఎవరినైనా ఆ రోజు కొలిచి పెట్టమని, మీరక్కడ కొలిస్తే భూమి గుండ్రమన్న వాదన మీ చేతికే వస్తుంది. చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు జరుగుతాడన్నది కూడా పంచాంగం చూసేవాళ్లకు తెలిసిందే, రోజుకో నక్షత్రం.

బల్ల దగ్గర

ఒక్క క్లాసులో రెండు మూడుసార్లు మాట్లాడితే చాలు. తెలుగు పిల్లల్లో రెండు రకాలు కనబడతారు. పెద్దవాళ్ల ముందు నోరెత్తకూడదని పెరిగి, నెలల తరబడి మౌనంగా కూర్చునేవాళ్లు ఒకరు. వక్తృత్వ పోటీల అలవాటుతో అయిదు నిమిషాల ఉపన్యాసం దంచేవాళ్లు ఇంకొకరు. మొదటివాళ్లు తొలి పది నిమిషాల్లోనే కార్డు మీద రాసుకున్న ప్రశ్న అడిగేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ మాట పెగలదు. రెండోవాళ్లు పుస్తకంలోంచి ఒక వాక్యం చదవకుండా మాట్లాడకూడదని తమకు తామే నియమం పెట్టుకోవాలి.

అధ్యాపకుణ్ణి కొన్నిచోట్ల ట్యూటర్ అంటారు. ఇంటికొచ్చి లెక్కలు చెప్పే ట్యూటర్ కాదు, మీతోపాటు ఆ పుస్తకం చదువుతున్న అనుభవజ్ఞుడని. ఆయనతో విభేదించడం అమర్యాద కాదు, పుస్తకం చూపించకుండా విభేదించడం అమర్యాద. థామస్ అక్వైనస్ లాంటి కాలేజీల్లో తోటి విద్యార్థిని కూడా క్లాసులో మిస్టర్, మిస్ అని ఇంటిపేరుతో పిలవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కడుంటే దాన్నే పిలుస్తారు. అది తారుమారైతే నాలుగేళ్లు మీ నాన్నగారి పేరుతో పిలిపించుకోవాల్సి వస్తుంది, మొదటి వారమే రిజిస్ట్రార్‌కు చెప్పండి.

రాత పని

వ్యాసానికి శీర్షిక కన్నా ముందు ప్రశ్న కావాలి, అదీ ఒక్కటే. అయిదు పేజీల వ్యాసానికి ఒక పుస్తకంలోని రెండు మూడు ఘట్టాలు చాలు. "ప్లేటో దృష్టిలో న్యాయం" అంటే ఎవరికీ అందదు. "మనిషిని మాయం చేసే గాయిజీజ్ ఉంగరం కథకు సోక్రటీస్ వెంటనే ఎందుకు జవాబివ్వలేదు" అంటే పట్టు దొరుకుతుంది. మొదటి చిత్తుప్రతి గడువుకు మూడు రోజుల ముందు అయిపోవాలి. ఒక రోజు వదిలేసి, పైకి చదివి, నాలుక తిరగని వాక్యాలు కొట్టేయండి. చివరి ఏడాది థీసిస్ రాసి, అధ్యాపకుల ముందు దాన్ని సమర్థించుకోవాలి. దానికి ప్రశ్న మూడో ఏడాది వేసవిలోనే దొరకాలి. మూడేళ్లుగా మార్జిన్‌లో పెట్టిన ప్రశ్నార్థకాలన్నీ ఒక రోజు కూర్చుని తిరగేస్తే, మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఒకటి కనబడుతుంది.

కొన్ని కాలేజీల్లో మార్కుల కాగితంతోపాటు "డాన్ రాగ్" అనే పద్ధతి ఉంటుంది. ఆ టర్మ్‌లో పాఠాలు నడిపిన అధ్యాపకులంతా ఒక బల్ల దగ్గర కూర్చుని, మీరు ఎదురుగా ఉండగానే మీ చదువు గురించి మాట్లాడుకుంటారు. పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. అక్కడ సంజాయిషీ చెప్పుకోవడంతోనే సమయం గడిపేసేవాళ్లు ఎక్కువ. కాగితం, పెన్ను తీసుకెళ్లి రాసుకోండి. మీ వంతు వచ్చినప్పుడు ఒక్కటే అడగండి: వచ్చే టర్మ్‌లో ఏ ఒక్క అలవాటు మార్చుకోమంటారు? జవాబు రాసుకున్న కాగితాన్ని లాటిన్ పుస్తకంలో పెట్టుకోండి, రోజూ తెరవక తప్పని పుస్తకం అదొక్కటే కాబట్టి.